కుండలో గాలి, నీళ్లలో గాలి

ఉడును మొదటిసారి చూసినవాళ్లు దాన్ని నీళ్లకూజా అనే అనుకుంటారు. గుండ్రటి పొట్ట, పొడుగాటి మెడ, పైన మూతి. తేడా ఒక్కటే: పొట్టకు పక్కగా, అరచేత్తో పూర్తిగా మూయగలిగినంత ఇంకో రంధ్రం ఉంటుంది. తోలు బిగించి ఉండదు, తీగలు కట్టి ఉండవు. నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలోని ఇగ్బో స్త్రీలు ఈ కుండను ఒడిలో పెట్టుకుని, ఆ పక్క రంధ్రం మీద అరచేత్తో చరిచి చప్పున చెయ్యి తీస్తారు. లోపలినుంచి ‘బుమ్’ అంటూ ఒక మంద్రస్వరం లేస్తుంది, లేస్తూ లేస్తూనే పైస్థాయికి వంగుతుంది. ఒళ్లో పట్టే వస్తువులోంచి అంత లోతైన ధ్వని ఎలా వస్తుందన్నది మామూలు ప్రశ్న కాదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే కుమ్మరి మట్టి దగ్గర మొదలై, పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ ప్రయోగశాల మీదుగా, కుళాయి కింద బకెట్లో పడే నీటిచుక్క దాకా వెళ్లాల్సి వస్తుంది.

మట్టి డోళ్లు చేసే సిరామిక్ కళాకారుల్లో కొందరు మట్టి ఫౌంటెన్లు కూడా చేస్తారు. ఒకటి చేత్తో కొట్టేది, ఇంకొకటి కరెంటు పంపుతో నీళ్లు పారేది. ఒకదాన్ని కచేరీకి తీసుకెళ్తారు, రెండోదాన్ని వరండాలో పెట్టుకుంటారు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడిగితే చేసేవాళ్లు కూడా ‘మట్టే’ అంటారు. నా మట్టుకు అసలు సంబంధం గాలి. ఉడులో పలికేది కుండ గోడల మధ్య చిక్కిన గాలి. ఫౌంటెన్లో పలికేది నీళ్ల మధ్య చిక్కిన గాలి. రెండూ ఒకే సూత్రం మీద నడుస్తాయి.

ముందు మట్టి సంగతి. ఇగ్బో ప్రాంతంలో కుండలు చేసే పని సంప్రదాయంగా ఆడవాళ్లది. సారె వాడరు. మట్టిని తాళ్లలా పేని, ఒక్కో తాడును వలయంగా పేర్చి, వేళ్లతో అతికి, గోడను పైకి లేపుతారు. నైజీరియాలోనే ఇంకొంచెం ఉత్తరాన, గ్బాగ్యి సముదాయానికి చెందిన లాడి క్వాలి అనే కుమ్మరి ఇలా చేత్తో కట్టిన పెద్ద నీళ్లకుండలతో ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. ఆ సంప్రదాయంలో కుండ కదలదు, చేసే మనిషే దాని చుట్టూ తిరుగుతుంది. ఆ దేశపు 20 నైరాల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. కుండలు చేసిన చేతులను కరెన్సీ నోటు మీద అచ్చేసుకున్న దేశం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఈ విద్య అట్లాంటిక్ మహాసముద్రం దాటిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1974లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, హేస్టాక్ చేతివృత్తుల బడిలో నైజీరియా కుమ్మరి అబ్బాస్ అహువాన్ వేసవి తరగతులు నడిపాడు. ఆయన దగ్గర ఉడు కట్టడం నేర్చుకున్నవాళ్లలో ఫ్రాంక్ జార్జినీ ఒకడు. తర్వాత జార్జినీ ఆ ఆకారాన్ని రకరకాలుగా మార్చి చూశాడు: మెడ వంచాడు, పొట్ట అణిచాడు, రంధ్రాల చోటు మార్చాడు. లాటిన్ పెర్కషన్ అనే వాద్యాల సంస్థ ఆయన నమూనాలను అచ్చుల్లో పోసి అమ్మకానికి తెచ్చింది. ఊళ్లోని ఆడవాళ్ల చేతి కుండ ఇవాళ స్టూడియోల్లో, సినిమా నేపథ్య సంగీతంలో వినపడుతోందంటే దాని వెనక ఆ వేసవి తరగతి ఉంది.

సారె మీద కాకుండా చేత్తోనే ఎందుకు కట్టాలి? సారె తిరిగేది ఒక ఇరుసు చుట్టూ. అందుకే దాని మీద లేచిన కుండ ఏ వైపునుంచి చూసినా ఒకేలా ఉంటుంది. పక్కకు ఒరిగిన మెడ, ఒక వైపు ఉబ్బిన పొట్ట, రెండు గదుల కుండ కావాలంటే సారె ఒక్కటే చాలదు. మట్టి తాడుకు ఆ కట్టుబాటు లేదు. చెయ్యి ఎటు పోతే గోడ అటు పోతుంది. డోలుకు ఇది అవసరం, ఫౌంటెన్‌కు మరీ అవసరం: నీళ్లు ఏ అంచు మీదినుంచి జారాలో, ఏ గుంటలో ఆగాలో, పంపు గొట్టం ఏ దారిన పోవాలో అన్నీ గోడలు లేపేటప్పుడే నిర్ణయించుకోవాలి.

మట్టికి ఇంత లొంగుబాటు ఎక్కడిది? బంకమట్టిలో ప్రధానంగా ఉండేవి పలుచటి పలకల్లాంటి స్ఫటికాలు. కేయొలినైట్ అనే ఖనిజాన్నే తీసుకుంటే ఒక్కో పలక వెడల్పు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు అటూ ఇటూ. పలకకూ పలకకూ మధ్య సన్నటి నీటి పొర. తడిపిన తమలపాకుల దొంతరను పక్కకు తోస్తే ఆకులు ఒకదాని మీద ఒకటి జారతాయి గానీ విడిపోవు, మట్టి పలకలూ అంతే. నొక్కినప్పుడు జారతాయి, వదిలేస్తే ఉన్న చోటే నిలుస్తాయి. ఇసుకకు ఈ గుణం లేదు, ఎందుకంటే దాని రేణువులు పలకలు కావు, గుండ్లు. గోడ కొంచెం గట్టిపడ్డాక నున్నటి గులకరాయితో రుద్దితే పైన ఉన్న పలకలన్నీ ఒకే వైపు తిరిగి చదునుగా పడుకుంటాయి. అందుకే గాజుపూత లేకపోయినా కుండకు మెరుపు వస్తుంది. పై పొరలో రంధ్రాలు కూడా కొంత పూడతాయి.

ఎండేటప్పుడు ఆ నీటి పొరలు పోతాయి, పలకలు దగ్గరికి జరుగుతాయి, కుండ కుంచించుకుపోతుంది. కాల్చినప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది. మట్టిని బట్టి మారినా, పచ్చి కుండకూ కాలిన కుండకూ మధ్య ప్రతి కొలతలోనూ 10 శాతం దాకా తరుగుదల సాధారణమే. వంటకుండకు ఇది పెద్ద లెక్కలోది కాదు, వాద్యానికి చాలా పెద్దది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతు తగ్గితే లోపలి ఘనపరిమాణం పాతదానిలో 73 శాతమే మిగులుతుంది. మెడ, రంధ్రం కూడా అదే పాళ్లలో చిన్నవవుతాయి కనక చివరి లెక్కలో శ్రుతి 11 శాతం పెరుగుతుంది. సంగీతం భాషలో చెప్పాలంటే దాదాపు రెండు స్వరస్థానాలు. షడ్జమం కావాలనుకుని కట్టిన కుండ చతుశ్శ్రుతి రిషభం పలుకుతుంది! డోలు చేసేవాడు తడి మట్టి గోడ లేపుతున్నప్పుడే, ఇంకా కొన్ని వారాల తర్వాత పుట్టబోయే స్వరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అందుకే ఈ పనిలో మట్టి మార్చడమంటే వాళ్లకు భయం. ఏళ్ల తరబడి ఒకే మట్టితో కుదిరిన చేతి లెక్క కొత్త మట్టితో తప్పుతుంది.

కాల్చడం గురించి ఒక పుస్తకమే రాయొచ్చు, ఇక్కడ శబ్దానికి అవసరమైనంత వరకే చెబుతాను. వంద డిగ్రీల దాకా మంట మెల్లగా సాగాలి. లోపల మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే కుండ పేలిపోతుంది. దాదాపు 450 నుంచి 600 డిగ్రీల మధ్య అసలు మార్పు జరుగుతుంది. కేయొలినైట్ స్ఫటికం లోపల రసాయనికంగా బంధించబడి ఉన్న నీరు బయటికి పోతుంది. ఆ నీరు ఖనిజం బరువులో 14 శాతం. ఇది దాటిన మట్టి మళ్లీ నీళ్లలో వేసినా బురద కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు స్ఫటిక రూపం మార్చుకుని కొద్దిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే చోట మళ్లీ కుంచించుకుంటాయి. తొందరపడితే అక్కడే బీట పడుతుంది. ఇంకా వేడెక్కితే రేణువుల అంచులు కరిగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి.

ఆ అతుకు పడిందో లేదో చెవికి తెలుస్తుంది. ఎండిన పచ్చి కుండను తడితే ‘డబ్’ అని చచ్చు శబ్దం వస్తుంది, ఎందుకంటే అతుకులేని పలకలు ఒకదానితో ఒకటి రాసుకుని కంపనాన్ని వేడిగా మార్చేస్తాయి. కాలిన కుండ ఖంగుమంటుంది. మన సంతల్లో కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూసేది ఇందుకే. కంటికి ఆనని బీట ఉన్నా, దాని రెండు అంచులు రాపిడితో కంపనాన్ని మింగేస్తాయి, కుండ బొంగురుగా పలుకుతుంది. పదార్థ శాస్త్రజ్ఞులు ఇవాళ కొన్ని విడిభాగాల్లో పగుళ్లు వెతకడానికి వాడే పద్ధతి కూడా ఇదే: కొట్టడం, వినడం. చెవి బదులు మైకు పెడతారు, అంతే తేడా.

ఇప్పుడు గాలి. సైకిల్ పంపు మూతిని వేలితో గట్టిగా మూసి పిడిని నొక్కండి. గాలి నొక్కుకుని, వదలగానే పిడిని వెనక్కి తోస్తుంది. మూసి ఉన్న గాలి ఒక స్ప్రింగు. ఉడు పొట్టలో ఉన్నది ఆ స్ప్రింగే. స్ప్రింగు ఒక్కటే ఉంటే ఊగదు, దానికి ఒక బరువు తగిలించాలి. ఆ బరువు కూడా గాలే! మెడలో ఉన్న గాలి ఒక బిరడాలాగా మొత్తంగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. అది లోపలికి పోతే పొట్టలో గాలి నొక్కుకుని బయటికి తోస్తుంది. బయటికి వచ్చాక జడత్వం వల్ల కొంచెం ఎక్కువ దూరమే పోతుంది, లోపల గాలి పలచబడి మళ్లీ లాక్కుంటుంది. సెకనుకు కొన్ని పదుల సార్లు, లేదా వందల సార్లు జరిగే ఈ ఊగులాటే మనకు స్వరంగా వినిపిస్తుంది.

దీన్ని లెక్కగట్టి చెప్పినవాడు జర్మనీకి చెందిన హెర్మాన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. ఆయన వైద్యుడిగా మొదలై భౌతిక శాస్త్రజ్ఞుడైన మనిషి. స్వరాన్ని మనం వినే తీరు మీద 1863లో వెలువడిన ఆయన గ్రంథం ఇవాళ్టికీ సంగీత విజ్ఞానానికి పునాది. ఆ పని కోసం ఆయన వేర్వేరు పరిమాణాల్లో డొల్ల గోళాలు చేయించాడు. ప్రతి గోళానికీ ఒక మూతి, ఎదురుగా చెవికి పెట్టుకునే చిన్న మొన. చెవికి పెట్టుకుంటే చుట్టుపక్కల శబ్దాల్లోంచి ఆ గోళానికి తగిన ఒక్క స్వరమే గట్టిగా వినిపిస్తుంది. మైకులు, కంప్యూటర్లు లేని రోజుల్లో శబ్దాన్ని ముక్కలుగా విడదీసి చూసిన పరికరం అదే. ఇగ్బో తల్లులు ఒళ్లో పెట్టుకున్నదీ ఆయన ప్రయోగశాలలో ఉన్నదీ భౌతిక శాస్త్రం దృష్టిలో ఒకటే వస్తువు.

ఒక కుండకు లెక్క వేసి చూద్దాం. లోపల 10 లీటర్ల గాలి పట్టే పొట్ట. మెడ లోపలి వ్యాసం 6 సెంటీమీటర్లు, పొడవు 12 సెంటీమీటర్లు. పక్క రంధ్రం వ్యాసం 5 సెంటీమీటర్లు, అక్కడ గోడ మందం సెంటీమీటరుకు కొంచెం తక్కువ. గాలి బిరడా మూతి దగ్గరే ఆగిపోదు, బయటికీ లోపలికీ కాస్త పొడుచుకు వస్తుంది. కాబట్టి లెక్కలో మెడను 16 సెంటీమీటర్లుగా, పక్క రంధ్రాన్ని 5 సెంటీమీటర్ల గొట్టంగా తీసుకోవాలి. అరచెయ్యి పక్క రంధ్రాన్ని మూసి ఉన్నప్పుడు ఊగేది మెడలోని గాలి ఒక్కటే. దాని బరువు సుమారు అర గ్రాము. స్వరం సెకనుకు 72 కంపనాలు, అంటే 72 హెర్ట్జ్. చెయ్యి తీయగానే గాలికి రెండో దారి దొరుకుతుంది. పక్క రంధ్రంలోని గాలి బరువు గ్రాములో ఎనిమిదో వంతే, చప్పున కదులుతుంది. స్వరం 130 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. దాదాపు ఒక స్థాయి తేడా. చెయ్యి ఎంత చప్పున లేచినా రంధ్రం ఒక్కసారిగా కాకుండా క్రమంగా తెరుచుకుంటుంది కనక శ్రుతి కూడా మెట్టు మెట్టుగా కాకుండా జారుతూ పైకి పోతుంది. ఉడు స్వరంలో వినిపించే ఆ వంపు రహస్యం ఇదే. మనవాళ్లు గమకం అనే పనిని ఇక్కడ అరచెయ్యి ఒక రంధ్రం మీద చేస్తోంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే విషయం పరిమాణం. 130 హెర్ట్జ్ స్వరం వేణువులో రావాలంటే 1.3 మీటర్ల గొట్టం కావాలి. వేణువులో శబ్దతరంగం గొట్టం పొడవునా పరుచుకుని ఉండాలి మరి. ఉడులో తరంగానికి చోటు అక్కర్లేదు. 72 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం 4 మీటర్లు దాటుతుంది, కుండ మాత్రం అడుగున్నర లోపే. స్ప్రింగు ఒక చోట, బరువు ఇంకో చోట ఉంటే చాలు.

దీన్నిబట్టి చేసేవాడికి కొన్ని పట్లు దొరుకుతాయి. శ్రుతి తగ్గాలంటే మెడ పొడుగు చెయ్యాలి, లేదా మూతి బిగించాలి, లేదా పొట్ట పెంచాలి. పొట్ట పెంచడం ఖరీదైన మార్గం: స్వరం ఒక స్థాయి దిగాలంటే గాలి నాలుగింతలు కావాలి. మన్ను సగం ఆరి, వేలితో నొక్కితే లొంగనంత గట్టిపడ్డప్పుడు రంధ్రం కోస్తారు. మొదట చిన్నదిగా కోసి, కొట్టి చూసి, అంచు చెక్కుతూ పెద్దది చేస్తారు. చెక్కినకొద్దీ స్వరం పైకి పోతుంది. ఎక్కువ చెక్కేస్తే మళ్లీ మట్టి అతకాలి, అతుకు దగ్గర ఆరేటప్పుడు బీట పడే ప్రమాదం ఉంది.

మన ఘటం దీనికి దూరపు చుట్టం. అందులో గాలికన్నా గోడకు పెద్దపీట. వేళ్లతో, గోళ్లతో, మణికట్టుతో కొట్టినప్పుడు గోడే గంటలా కంపించి పలుకుతుంది. వైగై నది ఒడ్డున, తమిళనాడు శివగంగ జిల్లాలోని మానామదురైలో చేసే ఘటాలకు కచేరీల్లో పేరుంది. అక్కడ మట్టిలో లోహపు పొడి కలుపుతారు, గోడను లోపల ఒక చేత్తో ఆనించి బయట చెక్కతో ఓపిగ్గా కొడుతూ అన్ని వైపులా ఒకే మందానికి తెస్తారు. మందం పెరిగితే గోడ బిరుసెక్కుతుంది, స్వరం పైకి పోతుంది. మందం ఒకచోట ఒకలా మరోచోట ఒకలా ఉంటే స్వరం చెదురుతుంది. అయితే ఘటంలోనూ గాలి ఉంది. వాయించేవాళ్లు మూతిని పొట్టకు ఆనించి, దూరం జరిపి, మళ్లీ ఆనించడం చూసే ఉంటారు. ఆ కదలికతో మారేది లోపలి గాలి స్వరం. ఉడు వాయించే స్త్రీ అరచేత్తో చేసే పనిని ఘట విద్వాంసుడు తన పొట్టతో చేస్తున్నాడు.

మట్టి గుల్లకు తోలు బిగించినవి ఇంకో తెగ. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ నిలబడి వంతలు వాయించే గుమ్మెట ఆ తెగదే. షేక్ నాజర్ లాంటి కథకుల గొంతుతో తెలుగు పల్లెలన్నిటికీ చేరిన ఆ డోలు తొలి రూపం మట్టిదే, తర్వాత లోహపు గుల్లలు వచ్చాయి. గోవాలోని ఘుమట్ కూడా మట్టి కుండే. పెద్ద మూతికి తోలు, రెండో వైపు చిన్న మూతి తెరిచి ఉంటుంది. వాయించేవాడు ఎడమచేత్తో ఆ చిన్న మూతిని మూస్తూ తెరుస్తూ లోపలి గాలి శ్రుతిని మారుస్తాడు. పూర్వం దానికి ఉడుము తోలు బిగించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అది నేరమైంది. మేకతోలుతో మళ్లీ నిలదొక్కుకున్న ఘుమట్‌ను 2019లో గోవా ప్రభుత్వం తమ వారసత్వ వాద్యంగా ప్రకటించింది. ఉడుమును కాపాడుకుంటూ డోలునూ కాపాడుకోవచ్చని చూపిన ఈ ఉదాహరణ నాకెంతో ఇష్టం.

ఇక ఫౌంటెన్ దగ్గరికి వద్దాం. డోలు చేసిన చేతికి ఫౌంటెన్ కొత్త చిక్కులు తెస్తుంది. గాజుపూత లేని ఎర్రమట్టి గోడ సన్నటి రంధ్రాలమయం. నీరు వాటి గుండా పాకి బయటికి చెమరుస్తుంది. వేసవిలో కూజా నీళ్లు చల్లబడేది ఈ చెమట వల్లే: ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి, దాన్ని కూజాలోని నీళ్లనుంచే లాక్కుంటుంది. కూజాకు వరమైన ఈ గుణం ఫౌంటెన్‌కు శాపం. నీళ్లు తరిగిపోతాయి, పంపు ఎండుతుంది, నీటిలోని లవణాలు బయటి గోడ మీద తెల్లటి పొక్కుగా మిగులుతాయి. అందుకే నీళ్లు నిలిచే తొట్టికి గాజుపూత వేస్తారు, లేదా గోడలోని రంధ్రాలు చాలామటుకు మూసుకుపోయేలా 1,200 డిగ్రీలకు పైగా కాల్చే రకం మట్టి ఎంచుకుంటారు.

అసలు విద్య మాత్రం శబ్దంలోనే ఉంది. నీళ్లు నీళ్లలో పడితే శబ్దం వస్తుందని అందరికీ తెలుసు. ఎందుకు వస్తుంది? చుక్క వెళ్లి నీటిని గుద్దుకున్నందుకు అనిపిస్తుంది. ఆ గుద్దు చాలా చిన్న చప్పుడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో ఆర్థర్ వర్తింగ్టన్ నీటిచుక్క పడే తీరును అతి స్వల్పమైన మెరుపు వెలుగులో ఫోటోలు తీశాడు. చుక్క పడ్డ చోట గుంట పడటం, దాని అంచులు కిరీటంలా లేవడం, గుంట మూసుకుపోతూ మధ్యలోంచి నీటి స్తంభం పైకి చిమ్మడం ఆ ఫోటోల్లో ఉన్నాయి. గుంట మూసుకుపోయేటప్పుడు అడుగున ఒక చిన్న గాలి బుడగ తెగి నీళ్లలో చిక్కుకుంటుంది. పాడేది ఆ బుడగ.

బుడగ స్వరాన్ని 1933లో లెక్కగట్టినవాడు మార్సెల్ మినార్ట్. బెల్జియంలో పుట్టి, వృక్షశాస్త్రంతో మొదలుపెట్టి, హాలండులోని ఉట్రెక్ట్‌లో సూర్యుణ్ణి పరిశోధించిన ఈ ఖగోళ శాస్త్రజ్ఞుడు పారే నీళ్ల చప్పుడు మీద ఎందుకు దృష్టి పెట్టాడంటే, ఆరుబయట కనిపించే ప్రకృతి వింతలన్నీ ఆయనకు శాస్త్రమే. ఆయన లెక్క ఎంత సులువో చూడండి. బుడగ వ్యాసార్ధం మిల్లీమీటర్లలో తీసుకుని 3,260ని దాంతో భాగిస్తే దాని స్వరం హెర్ట్జ్‌లలో వస్తుంది. ఒక మిల్లీమీటరు బుడగ 3,260 హెర్ట్జ్ దగ్గర కీచుమంటుంది. మూడు మిల్లీమీటర్లది 1,100 హెర్ట్జ్‌కు కొంచెం తక్కువగా గలగలమంటుంది. సన్నటి వానలో చెరువు నీళ్లలోకి మైకు దించితే 14,000 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం కనబడుతుంది. లెక్క వెనక్కి తిప్పితే అవి వ్యాసార్ధం మిల్లీమీటరులో నాలుగోవంతు కూడా లేని బుడగలు.

ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చింది? బుడగలో గాలి స్ప్రింగు. చుట్టూ ఉన్న నీరు బరువు. బుడగ ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతుంది. ఉడు పొట్టలోనూ మెడలోనూ జరిగిందే ఇక్కడా జరుగుతోంది. ఒకటే తేడా, మెడలోని గాలి బిరడా స్థానంలో దానికన్నా 800 రెట్లు సాంద్రమైన నీరు వచ్చి కూర్చుంది. ఆ బరువు వల్లే రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న బుడగ, నీళ్లలో అర మీటరుకు దగ్గరగా ఉండే తరంగాన్ని పుట్టించగలుగుతుంది. తన ఒంటికి వందల రెట్లు పెద్ద తరంగం!

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో అనురాగ్ అగర్వాల్ బృందం 2018లో ఈ కథకు ఇంకో మలుపు చేర్చింది. కారే కుళాయి ‘ప్లింక్’ శబ్దాన్ని వేగపు కెమెరాతో, నీటి లోపలా బయటా పెట్టిన మైకులతో పరిశీలించారు. నీళ్లలో పుట్టిన బుడగ శబ్దం నీటి ఉపరితలం దాటి గాలిలోకి రావడం కష్టం. మరి మన చెవికి అంత స్పష్టంగా ఎలా చేరుతోంది? చుక్క తవ్విన గుంట అడుగున బుడగ ఊగుతూ, ఆ గుంట ఉపరితలాన్నే డోలు తోలులా కదిలిస్తోందని తేల్చారు. గిన్నెలు తోమే సబ్బు కొంచెం ఆ నీళ్లలో కలిపితే తలతన్యత మారి బుడగ చిక్కుకోదు, శబ్దం ఆగిపోతుంది. రాత్రి కుళాయి కింద బకెట్లో ఇది ఎవరైనా చేసి చూడొచ్చు, పిల్లల చేత తప్పకుండా చేయించాలి.

ఫౌంటెన్ కట్టేవాడి చేతిలో ఉన్నవి ఇవి: నీరు ఎంత ఎత్తునుంచి పడాలి, ధారగానా చుక్కలుగానా, కింద నీటి లోతెంత. నున్నటి అంచు మీదినుంచి పలచటి రేకులా జారే నీరు గోడను అంటుకుని దిగితే బుడగలు పుట్టవు, శబ్దమే ఉండదు. అంచు కింద చిన్న గాడి గీస్తే నీరు గోడను వదిలి విడిగా పడుతుంది. చుక్క పరిమాణం, వేగం రెండూ ఒక హద్దులో కుదిరితేనే ప్రతిసారీ బుడగ చిక్కుతుంది, లేకపోతే ఒకసారి పలికి ఒకసారి ఊరుకుంటుంది. పెద్ద ధార పోస్తే వేల బుడగలు రకరకాల సైజుల్లో పుట్టి అన్ని స్వరాలూ కలిసిన హోరు వస్తుంది. వరండాలో మనసుకు హాయిగా ఉండేది ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. అది చెవితో వెతుక్కోవలసిందే. పంపు వేగం తిప్పుతూ, అంచును ఆకురాయితో రుద్దుతూ చేసే ఈ పని నా దృష్టిలో వీణకు మెట్లు కట్టే పనికి ఏమాత్రం తీసిపోదు.

డోలూ ఫౌంటెనూ ఒకే వస్తువులో కలిసిపోయిన చోటు కూడా ఒకటుంది. జపానులో ‘ఎడో’ అనే చారిత్రక కాలం నాటి తోటల్లో చేతులు కడుక్కునే రాతి తొట్టి పక్కన, నేల కింద, సుయికింకుత్సు అనే అమరిక ఉండేది. మట్టి జాడీని బోర్లించి, గులకరాళ్ల మీద పూడ్చిపెడతారు. పైకి వచ్చిన దాని అడుగుకు ఒక చిన్న చిల్లు. చేతులు కడిగిన నీళ్లు ఇంకుతూ ఆ చిల్లులోంచి చుక్కలుగా, జాడీ లోపల అడుగున నిలిచిన నీళ్లలోకి రాలతాయి. పైన నిలబడ్డవాళ్లకు నేల లోపలినుంచి తీగవాద్యం మీటినట్టు వినిపిస్తుంది. దీని మూలాన్ని పదిహేడో శతాబ్దపు తేనీటి గురువు కొబోరి ఎన్షూ కాలానికి చేర్చి చెబుతారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా దాదాపు మరుగునపడిపోయి, 1980లలో పత్రికల, టీవీ కథనాలతో మళ్లీ వెలుగులోకి వచ్చింది.

దీనికి గాజుపూత లేని జాడీయే మేలంటారు. కారణం ఊహించవచ్చు: గరుకు గోడ తడిని పట్టుకుని చుక్కలను నిదానంగా కూడబెడుతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంతసేపూ చెప్పుకున్న ఉడు స్వరం వంద హెర్ట్జ్ దగ్గర, బుడగ స్వరం వెయ్యి దాటి. ఇంత దూరపు స్వరాలు ఒకదానికొకటి ఎలా సాయపడతాయి? జాడీలోని గాలికి ఆ ఒక్క మంద్రస్వరమే కాదు, ఇంకా స్వరాలున్నాయి. 40 సెంటీమీటర్ల ఎత్తున్న జాడీలో పైకప్పుకూ నీటికీ మధ్య శబ్దతరంగం ఇటూ అటూ కొట్టుకుంటూ 430 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 860 దగ్గర ఒకసారి, 1,290 దగ్గర మరొకసారి నిలుస్తుంది. అడ్డంగా పరిగెత్తే తరంగాలు వీటి మధ్య మరికొన్ని మెట్లు చేరుస్తాయి. బుడగ స్వరం ఏ మెట్టు దగ్గర పడితే జాడీ ఆ మెట్టును పట్టుకుని సాగదీస్తుంది. ప్రతి చుక్కకూ బుడగ సైజు కాస్త మారుతుంది కనక ప్రతిసారీ వేరే మెట్టు పలుకుతుంది. కింద నీటి మట్టం 5 సెంటీమీటర్లు పెరిగితే గాలి స్తంభం పొట్టిదై మొదటి మెట్టు 430 నుంచి 490కి పోతుంది. నీళ్లు బయటికి పోయే కాలువ ఎత్తును మార్చి తోటమాలి సరిచేసుకునే శ్రుతి అది.